గొంతు నొప్పి పదికి ఎంత?

ఆమెది బస్టాండులో ప్రకటనలు చదివే ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళుగా ఏ బస్సు ఎటు వెళ్తుందో ఊరంతా ఆమె గొంతులోనే వింటోంది. ముక్కు దూలం వంకర కావడంతో నిద్రలో గురక వచ్చేది. భర్త ఏడాదిపాటు పోరుపెట్టి ఆపరేషన్‌కు ఒప్పించాడు.

ముందురోజు మత్తు డాక్టరు వచ్చింది.

"మత్తులో ఊపిరి కోసం శ్వాసనాళంలోకి గొట్టం దించుతామమ్మా. లేదంటే గొంతు పైనే ఆగే మాస్కు పెడతాం. దేనితో గొంతు నొప్పి తక్కువో పరిశీలిస్తున్నాం. ఎవరికి ఏదన్నది చీటీ తీసి తేలుస్తాం. ఇష్టమైతేనే చేరండి."

"గొంతే నా బతుకుతెరువు డాక్టరుగారూ. నాకు మాస్కు చాలు."

"అయితే చేరకండి. అదే పెడతాను."

"ఎందుకు చేరదండీ?" భర్త కలం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నలుగురికి పనికొచ్చే పని. నువ్వు పెట్టవే సంతకం."

పరాయి మనిషి ముందు మాటకు మాట ఎందుకని పెట్టేసింది. చీటీలో గొట్టం వచ్చింది.

మెలకువ వచ్చేసరికి ముక్కు నిండా గుడ్డ కూరి ఉంది. నోటితో పీల్చే గాలికి గొంతు పిడచకట్టుకుపోయింది. ఉమ్మి మింగితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నర్సు కాగితం పట్టుకొచ్చింది.

"గొంతు నొప్పి పదికి ఎంతమ్మా?"

నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

"రెండు వేసుకోమ్మా," అన్నాడు భర్త. "మా ఆవిడ గోరంతలు కొండంతలు చేస్తుంది."

"పేషెంటే చెప్పాలండీ."

ఆమె ఎనిమిది వేళ్ళు చూపించింది.

సాయంత్రం ఆడపడుచు చూడటానికొచ్చింది. "ముక్కు బాగుచెయ్యమంటే నోరు కూడా మూయించారక్కా, ఒక్క టికెట్టు మీద రెండూళ్ళు!" అన్నాడు భర్త. "అదృష్టవంతుడివిరా," అని ఆవిడ పడిపడి నవ్వింది. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

నొప్పి నాలుగు రోజుల్లో తగ్గింది. బొంగురు పోవడానికి మాత్రం రెండు వారాలు పట్టింది. గొంతు సవరించుకుని బస్టాండుకు వెళ్తే, మైకులో ఎవరిదో రికార్డు చేసిన గొంతు వినపడుతోంది.

"మీ ఆయనే ఫోన్ చేశారు కదమ్మా," అన్నాడు మేనేజరు. "గొంతు పోయింది, కాగితాల పని ఇమ్మన్నారు. పై ఆఫీసుకు రాసేశాం."

ఇంటికి రాగానే భర్తను నిలదీసింది. "నన్నొక మాట అడిగారా?"

"నీ మంచికేగా! రోజంతా అరిచే ఉద్యోగమూ ఒక ఉద్యోగమేనా?"

"నా గొంతు పోలేదు. వినపడుతోందా?"

"మెల్లిగా. పక్కింటివాళ్ళు వింటారు."

ఆమె అర్జీ పెట్టుకుంది. రికార్డింగు బాగానే నడుస్తోంది, ఇక మనిషి అవసరం లేదని రెండు నెలలకు జవాబొచ్చింది. ఇప్పుడామె వెనకగదిలో ప్రయాణికులు మరిచిపోయిన సంచులకు చీటీలు అంటిస్తోంది. ఇంట్లో అడిగినదానికి ఊఁ, ఊహూఁ అంటుంది, అంతే.

మొన్న ఆడపడుచు వచ్చినప్పుడు, "దానికింకా గొంతు సరిగ్గా రాలేదక్కా," అన్నాడు భర్త. వంటింట్లో ఉన్న ఆమెకు ఆ మాట వినపడింది. కాదని చెప్పలేదు.