గుర్రపుడెక్క పుట్టిల్లు

ఎనభై మూడులో మాట. తిరుపతిలోని ఒక ఆడపిల్లల కాలేజీకి మర్నాడు యూనివర్సిటీ వాళ్లు తనిఖీకి వస్తారనగా, జువాలజీ లెక్చరర్ రాజారత్నం సారుకు ల్యాబులోని చేపల తొట్టి కంట్లో నలుసైంది. నీళ్లు చూస్తే డికాక్షను రంగు. పైన చూస్తే చెరువుల్ని కమ్మేసే గుర్రపుడెక్క!

"ఈ దరిద్రాన్ని ఎవరు వేశారు?" అని కేకేశాడు.

"నేనే సార్," అంది మునిలక్ష్మి, బల్ల తుడుస్తూనే. ఆమె ఆ ల్యాబు అటెండరు. నాలుగేళ్లుగా టెంపరరీ. పర్మినెంటు చేయమని రాయాల్సింది ఈ సారే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"మొత్తం పారబోసి, తొట్టి తళతళా తోమి, బోరు నీళ్లు పట్టు. ప్లాస్టిక్ మొక్కలు తెప్పించాను, అవి పెట్టు."

మునిలక్ష్మికి ఒళ్లు మండింది. పోయిన తనిఖీకీ మహానుభావుడు ఇదే పని చేయించాడు. పైన పటారం, లోన లొటారం. ఆ చవుడు బోరు నీళ్లలో పప్పు కూడా ఉడకదని ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. అప్పుడు తెల్లారేసరికి ఏంజెల్ చేపలు ఆరూ వెల్లకిలా తేలాయి. సారు మాత్రం చెక్కుచెదరలేదు. వాటిని ఫార్మలిన్ సీసాల్లో వేయించి, లేబుళ్లు అంటించి, కొత్త స్పెసిమెన్లని చూపించాడు.

ఈసారి మద్రాసు నుంచి వచ్చిన నాలుగు ఏంజెల్ చేపల్నీ ఆమే సాకింది. మిద్దెమీద పడ్డ వాననీళ్లు పట్టి మోసింది, ఎండిన బాదం ఆకులు వేసింది. నీళ్లు నల్లబడ్డాయి, చేపలు హుషారెక్కాయి. చిక్కల్లా మొక్కలతోనే వచ్చింది. సారు తెప్పించిన మద్రాసు మొక్కలు ఇసుకలో నాటితే రెండుసార్లూ కుళ్లాయి. నల్లనీళ్లలో అడుగుదాకా వెలుతురు దిగదని వరినాట్లు వేసిన మనిషికి తెలియదా? పైన తేలుతూ తన వెలుతురు తాను చూసుకునే మొక్క కావాలి. చంద్రగిరి దారిలోని చెరువు నుంచి రెండు చిన్న పిలకలు తెచ్చి కిటికీవైపు వదిలింది. వేళ్లు జడకుచ్చుల్లా దిగాయి. చేపలు వాటి మధ్య దూరి ఆడుకోసాగాయి.

"నేను పారబొయ్యను సార్," అంది. "మీరే పోసుకోండి. సీసాలు కడిగి పెట్టినాను. లేబుళ్లు గూడా మీరే రాసుకోండి."

సారు మగ్గు తీసుకున్నాడు. చేపలవైపు చూసి మళ్లీ పెట్టేశాడు. "రేపు చెబుతా నీ సంగతి," అని వెళ్లిపోయాడు.

మాట తప్పలేదు. మర్నాడు తనిఖీకి వచ్చిన పెద్దావిడ తొట్టి ముందు ఆగి, "నీళ్లు మార్చలేదా?" అనగానే, "అటెండరు నిర్లక్ష్యం మేడమ్. ఎంత చెప్పినా వినదు," అన్నాడు.

నిర్లక్ష్యమా! నాలుగు నెలలు బిందెలు మోసిన మునిలక్ష్మి తలుపు దగ్గర్నుంచి నేరుగా ముందుకొచ్చింది. ఉద్యోగం పోతే పోనీ, ఆ మాట మాత్రం మోయదలచుకోలేదు.

"నిర్లక్ష్యం కాదమ్మా, కావాలనే సేసినాను. ఈ సేపలుండే ఏరు నల్లగానే పారతాదంట. ఈ గుర్రపుడెక్క పుట్టిల్లు గూడా ఆ అమెజాన్ ఏరేనంట. అందుకే రెండిట్నీ ఒకతావ పెట్టినాను."

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

మునిలక్ష్మి రాజారత్నం వైపు వేలు చూపింది.

"ఈ సారే. పోయినేడు బీయెస్సీ పిల్లోళ్లకు పాఠం సెప్తావుంటే నేను ఎనక కిటికీలు తుడస్తా ఉన్నాను. ఆయన మర్సిపోయినాడు. నేను మర్సిపోలా."