సున్నపు గీత ఇవతల

“ఈసారికి మీ పిల్లలు ఓడిపోతే బాగుండు హైమా” అన్నారాయన, నేను ఆయన యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. పక్కన మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. కోపంగా అనలేదు. కాఫీలో ఇంకో చెంచా చక్కెర ఉంటే బాగుండు అన్నంత మామూలుగా అన్నారు. మా ఆయన రామమూర్తి ఆర్మీ ఆఫీసులో క్లర్కు, హవల్దారు. ఢిల్లీ కంటోన్మెంటులో మా క్వార్టర్ల వరసలో ఆడవాళ్ళంతా “నీకేమమ్మా, నోట్లో నాలుక లేని మొగుడు” అంటారు. అన్నప్పుడల్లా నేనూ ఒప్పుకుంటాను.

ఆ మధ్యాహ్నం ఢిల్లీ బడుల ఆడపిల్లల ఫుట్‌బాల్ ఫైనల్. మా జట్టుకు నేను కోచ్‌ని. గెలిచినవాళ్ళు ఆలిండియా పోటీలకు కలకత్తా వెళ్ళాలి. రానూపోనూ పది రోజులు. పురిటికి పుట్టింటికి వెళ్ళడం తప్పితే, పెళ్ళయ్యాక నేను ఈ ఇల్లు వదిలి ఒక్క రాత్రి బయట ఉన్నది లేదు.

“ఓడిపోతార్లేరా, ఆడపిల్లల ఆటేగా” అంది మా అత్తగారు పార్వతమ్మ వంటింట్లోంచి.

“అవతలివాళ్ళూ ఆడపిల్లలేనండీ అత్తయ్యా. రెండు జట్లూ ఓడిపోతే కప్పు ఎవరికిస్తారు?” అన్నాను. నేను చొక్కా కాలరు తిప్పి మళ్ళీ ఇస్త్రీ చేశాను. గెలవాలని నాకెంత ఉందో ఆ గదిలో ఎవరికీ తెలియకూడదన్నట్టు గట్టిగా అదిమి చేశాను.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయనకు మగపిల్లలు లేరు, ఫుట్‌బాల్ పిచ్చి మాత్రం ఉంది. ఆ లేనిదీ ఉన్నదీ కలిసి నన్ను గ్రౌండులోకి తోశాయి. డెబ్భైల మధ్యలో ఆడపిల్లలకు జట్లు కట్టడం మొదలైతే నన్ను సెంటర్ ఫార్వర్డ్‌గా తీసుకున్నారు. రిజర్వేషన్ లేని రైలుపెట్టెల్లో ట్రంకుపెట్టెల మీద కూర్చుని వెళ్ళి, ఏ ఊరి బళ్ళోనో బెంచీలు పక్కకు జరిపి పడుకుని, తెల్లవారి ఆడేవాళ్ళం. సెంటర్ ఫార్వర్డ్ అంటే గోల్ కొట్టే మనిషి అనుకుంటారు అందరూ. ఎవరిదీ కాకుండా దొర్లుతున్న బంతిని చూసి ఊరుకోలేని మనిషి అని నేనంటాను. బుద్ధి చెప్పేలోపే కాళ్ళు కదులుతాయి. గోల్ ముందు గుంపులో, అందరూ ఒక్క క్షణం ‘నాదా, నీదా’ అని చూసుకుంటున్నప్పుడు, నాకు చెవులు మూసుకుపోయి లోకమంతా నిశ్శబ్దమైపోయేది. ఆ నిశ్శబ్దంలో బంతి ఒక్కటే ఉండేది. దేవుడు కనిపించడమంటే అదేనేమో, నాకు తెలిసినంతలో.

పెళ్ళిచూపుల్లో, ఆడిన కాళ్ళు కదా కుంటుందేమోనని, అత్తగారు నన్ను హాల్లో అటూ ఇటూ నడిపించి చూసింది. పరుగెత్తి చూపించమని ఎవరూ అడగలేదు. “ఆటలన్నీ పెళ్ళయ్యాక తనే మానుకుంటుందిలే వదినగారూ” అని మా అమ్మ హామీ ఇచ్చింది. ఆట మానేశాను. కాళ్ళు మానలేదు. పొంగబోయే పాలు, వానకు తడవబోయే బట్టలు, ఆయన మర్చిపోయిన టోపీ, అత్తగారు సగంలో వదిలేసిన చేట, పాప విసిరేసిన పలక, ఎవరిదీ కాని ప్రతి పనీ దొర్లుకుంటూ వచ్చేది, అందరికంటే ముందు నేనే అందుకునేదాన్ని. ఎంత ముందంటే, అక్కడ పని అనేది ఒకటుందని కూడా ఇంట్లోవాళ్ళకు తెలియకుండా పోయింది. “హైమ ఉంటే ఇల్లు దానంతటదే నడుస్తుంది” అంటారాయన చుట్టాలతో. దాన్ని పొగడ్త అనుకుని కాఫీలు కలపడానికి ఉత్సాహంగా లేచేదాన్ని.

ఎనభై రెండులో ఏషియన్ గేమ్స్ వచ్చి ఊరంతా ఆటల పిచ్చి పట్టించాయి. కొత్త స్టేడియాలు, ఫ్లైఓవర్లు, పక్క క్వార్టర్‌లో కలర్ టీవీ. ఆ ఊపులో కంటోన్మెంటు పక్కనున్న ఒక బడివాళ్ళు ఆడపిల్లలకూ ఫుట్‌బాల్ పెడదామనుకుని, నేర్పే మనిషి కోసం వెతుకుతుంటే ఎవరో నా పేరు చెప్పారు. “వంటయ్యాక ఖాళీయేగా, వెళ్ళనీ” అని ఆయన ఒప్పుకున్నారు. బళ్ళో మగపిల్లల జట్టుకు నేర్పే ఆయన్ని అందరూ ‘కోచ్ సాబ్’ అంటారు. నేను ‘ఫుట్‌బాల్‌వాలీ బెహన్‌జీ’ని, ఫుట్‌బాల్ అక్కయ్యని. వాళ్ళ బనియన్లు ధోబీకి వెళ్తాయి. మావి మట్టితో సహా మా ఇంటి కుళాయి దగ్గరికి వస్తాయి. కోచ్ అయ్యాక ఇంట్లో ఉతకాల్సిన బట్టలు ఒక జట్టంత పెరిగాయి, అంతే తేడా అని మొదట్లో అనుకున్నాను.

మొదటి మ్యాచ్‌లో నేను చేసిన ఘనకార్యం ఇప్పటికీ క్వార్టర్లలో చెప్పుకుంటారు. అవతలి గోల్ ముందు బంతి ఎవరికీ అందకుండా దొర్లింది. మా పిల్లలు చూస్తూ నిలబడ్డారు. తర్వాత నాకు తెలిసిందల్లా, చీర కుచ్చిళ్ళు ఎడమచేత్తో ఎత్తిపట్టుకుని గ్రౌండు మధ్యలో ఉన్నాను, బంతి వలలో ఉంది. రెండు జట్లూ కడుపు పట్టుకుని నవ్వాయి. రిఫరీ నన్ను చెయ్యి పట్టుకున్నంత పనిచేసి బయటకు తీసుకొచ్చి, సున్నపు గీత చూపించి, “బెహన్‌జీ, ఆప్‌కీ జగహ్ యహాఁ హై” అన్నాడు. నా చోటు ఇది, ఇవతల. ఆట నడిచినంతసేపూ కోచ్ లోపలికి రాకూడదు, అరిచి ఏదీ చెప్పకూడదు, అప్పటి రూలు. “మా ఆవిడ చీరకట్టుకుని గోల్ కొట్టింది” అని ఆయన ఏడాదిపాటు స్నేహితులకు చెప్పి నవ్వించారు. నేనూ నవ్వాను, పకోడీలు వడ్డిస్తూ.

కానీ ఆ గీత ఇవతల నిలబడడం కంటే కష్టమైన పని నా జన్మలో చేయలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని, బంతి పోతుంటే పోనిచ్చి, పిల్ల పడితే పడనిచ్చి, కాళ్ళను కాళ్ళతోనే పట్టి ఆపేదాన్ని.

ఫైనల్‌నాడు ఎండ పల్చగా ఉంది. పాలం నుంచి లేచిన విమానాలు నెత్తిమీదుగా పోతున్నాయి. అవతలి జట్టు పిల్లలు పొడగరులు, కొత్త బూట్లవాళ్ళు. మాకు సంతోష్ ఉంది. పాలం ఊళ్ళో గేదెలున్న ఇంటి పిల్ల, వాళ్ళకు నాలుగో ఆడపిల్ల. ఆడపిల్లలు ఇక చాలు, తృప్తిపడ్డామని దేవుడికి చెప్పుకోవడానికి ఆ పేరు పెట్టారట. తెల్లారి పేడ ఎత్తి, పాలు పోసి, బడికొచ్చి, నా దగ్గర సెంటర్ ఫార్వర్డ్ ఆడేది. నాకు తెలిసిందంతా దానికి పోశాను. గోల్‌కు వీపు పెట్టి నిలబడడం, వచ్చిన బంతిని అరికాలితో ఆపడం, వెనక్కి ఇచ్చి తిరిగి పరుగెత్తడం.

చివరి నిమిషాల దాకా ఎవరికీ గోల్ లేదు. అప్పుడు కుడివైపు నుంచి బంతి సంతోష్ వైపు వచ్చింది. దాని వెనకే, వీపుకు అంటుకుని, ఒక భారీ పిల్ల. ‘ఆపు, వెనక్కియ్యి’ అని అరవబోయి కొంగు కొరికాను. ఆపలేదది. బంతిని ముట్టుకోనే లేదు. కాళ్ళు కాస్త ఎడం చేసి, వస్తున్న బంతిని మధ్యలోంచి పోనిచ్చింది. వెనకున్న పిల్ల తెల్లబోయి చూస్తుండగానే ఇది రెండోవైపు నుంచి గిర్రున తిరిగింది. బంతి వెళ్ళి ఎక్కడికి చేరుతుందో ఆ చోటికి బంతికంటే ముందే చేరుకుంది. గోల్‌కీపర్ మీదికి దూకితే, ఒక్క క్షణం ఆగి, దూకనిచ్చి, నిద్రపోతున్న పసిపిల్ల పక్కకు దిండు జరిపినంత నెమ్మదిగా బంతిని లోపలికి తోసింది.

అందరూ కేకలు పెడుతున్నారట, నాకు వినపడలేదు. కళ్ళలో నీళ్ళు ఎప్పుడొచ్చాయో తెలియదు. నేను ఆడిన రోజుల్లో అలాంటిది చేయలేదు. చేయొచ్చని తోచలేదు. బంతి కాలికి తగిలితేనే ఆట అనుకుని బతికినదాన్ని. ముట్టుకోకపోవడం కూడా ఆటేనని పేడ ఎత్తే పిల్ల నా కళ్ళముందు కనిపెట్టింది. లోపల ఎక్కడైనా అసూయ ఉందేమోనని వెతుక్కున్నాను. లేదు. భక్తిలాంటిది ఉంది, కాస్త భయంతో కలిసి.

“ఎవరు నేర్పారు నీకిది?” అన్నాను హిందీలో, విజిల్ అయ్యాక, దాని మట్టి ముఖం కొంగుతో తుడుస్తూ.

“పతా నహీఁ మేడమ్‌జీ. బస్ జానే దీ” అంది రొప్పుతూ. తెలియదట. పోనిచ్చిందట, అంతేనట.

అది నేను నేర్పింది కాదు. నేను అరిచి ఉంటే అది పుట్టేదే కాదు. బస్సులో ఇంటికొస్తూ దారిపొడుగునా అదే అనుకున్నాను. నేను ఇవతల ఆగినందువల్ల అవతల ఏదో పుట్టడం, నా బతుకులో మొదటిసారి చూశాను.

ఆయన ఆఫీసు నుంచి వచ్చి వరండాలో బూట్లు విప్పుకుంటున్నారు. నా ముఖం చూసి, “గెలిచారా?” అన్నారు.

“గెలిచామండీ.”

“పది రోజులా అయితే?” అంది అత్తగారు గుమ్మంలోకి వచ్చి. “ఆ బడివాళ్ళకు ఇంకెవరూ దొరకలేదా? పిల్లదాన్ని ఎవరు చూస్తారు? నా చేతులు వణుకుతాయే.”

“మమ్మీ, మేరీ చోటీ కౌన్ బనాయేగా?” అంది పాప. జడ ఎవరు వేస్తారని దాని బెంగ.

నా కాళ్ళు అప్పుడే పరుగు మొదలుపెట్టేశాయి. కందిపొడి కొట్టి పెట్టొచ్చు, పులిహోర పులుసు కాచి సీసాలో పోయొచ్చు, పక్కింటి కమలగారిని జడలు వేయమనొచ్చు, ఆయన చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి వరసగా తగిలించొచ్చు. మాట నోటిదాకా వచ్చింది. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. ఎప్పటిలా నేను అందుకుంటానని, ఎవరూ ఒక్క అడుగు కదలకుండా చూస్తున్నారు.

ఆగాను.

ఆయన ఒక బూటు చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డారు. ఆ ముఖంలో కోపం లేదు, నిజమైన భయం ఉంది. కాలి దగ్గరికి ఒక్కసారైనా బంతి రాని మనిషి భయం. నాకు జాలేసింది. ఇన్నేళ్ళూ రానివ్వనిది నేనే కదా అనిపించింది.

“నాకు అన్నం వార్చడం కూడా రాదు హైమా” అన్నారు మెల్లగా. “ఏం చెయ్యాలో ఎట్లా చెయ్యాలో, వెళ్ళేలోపు కాస్త నేర్పి వెళ్ళు.”

అటక మీంచి ట్రంకుపెట్టె దించి, మంచం మీద పెట్టి, మూత తెరిచాను.

“కొన్ని నేను నేర్పేవి కాదండీ” అన్నాను. “నేను లేకపోతే మీకే వస్తాయి.”