మనవాడని తేలిన ఫక్కీరప్ప

ఆ పొద్దున నా చేతిలో ఉన్నవి ఇవి: ఆదోని యార్డులో కొన్న రెండు లారీల పత్తి, తీసుకుంటానన్న ఎమ్మిగనూరు జిన్నింగు మిల్లువాడి మాట, లారీలకు ఎత్తడానికి ఫక్కీరప్ప హమాలీ ముఠా. పడమట మబ్బు పట్టింది. మధ్యాహ్నంలోగా లారీలు కదలకపోతే పత్తి తడుస్తుంది. తడిసిన పత్తి మిల్లువాడికి అక్కర్లేదు.

పొద్దెక్కినా ముఠా రాలేదు. ఫోను తీస్తే తెలిసింది. ఎక్కడో బాంబు పేలిందన్న వార్త కింద, మా వ్యాపారుల గ్రూపులో ఒక ఫొటో. తలకు ఆకుపచ్చ గుడ్డ, గడ్డం, చేతిలో జెండాలాంటిది. "ఉగ్రవాదులు మన యార్డులోనే ఉన్నారు. ఈ ముఠాకు పని ఇవ్వొద్దు." కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. పంపినవాడు నా కొడుకు యశ్వంత్.

ఫొటోలో ఉన్నది ఫక్కీరప్పే. ఆస్పరి దగ్గర పల్లెలో బసప్ప కొడుకు. పీర్లకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. ఏటా పీర్ల పండక్కి ఫకీరు వేషం కట్టి, పీరును ఎత్తుకుని నిప్పుల గుండం చుట్టూ ఆడతాడు. మా పక్క పల్లెల్లో హిందువులు సగంమంది అంతే.

అంగట్లోనే ఉన్న యశ్వంత్‌ను నిలదీశాను. "నీకు జ్వరమొస్తే మీ అమ్మ మలీద ప్రసాదం పంచింది ఆ పీరు పేరనే గదరా."

"నాకేం తెలుసు నాయనా? ఎవరో పంపించినారు, నేను పంపించినా."

"చెయ్యి పెట్టి చూడకుండా పత్తి కొంటావా? ఇది మాత్రం చూడకుండానే పంపిస్తివి."

వాడు మళ్లీ రాశాడు: "క్షమించాలి. ఫొటోలోని వ్యక్తి మనవాడే. ముస్లిం కాదు." మళ్లీ అవే జోడించిన చేతులు.

కాసేపటికి ఫక్కీరప్ప ఒక్కడే వచ్చాడు.

"తప్పయిపోయిందన్నా. రాసేసినా, సూడు," అన్నాడు యశ్వంత్.

"సూసినా. బాషాకు ఏమని రాస్తావప్పా?"

మహబూబ్ బాషా అదే ముఠా. పదేళ్లుగా ఫక్కీరప్పతో కలిసి పత్తి బోరాలు ఎత్తుతున్నాడు.

"బాషాను ఎవురూ ఏమీ అనలేదే."

"నేను బాషా కాదని తెలిసినాక నన్ను వదిలినారు. ఫొటోలో వాడుంటే వదులుదురా? వాడు ఇంట్లో కూసున్నాడు, మిగతావాళ్లూ ఆడే ఉండారు. బోరాకు అటొకడు ఇటొకడు పట్టాల. ఇటు నేను పడతా. అటు నువ్వు పడతావా?"

"బాషా గురించి రాస్తే గ్రూపులో నన్ను ఉతికేస్తారు నాయనా," అని గొణిగాడు నా కొడుకు.

మబ్బు నెత్తిమీదికి వచ్చింది. వీడితో వాదించే ఓపిక లేక నేనే నా పేరుతో రాశాను: "ఫొటోలో బాషా ఉన్నా ఆ రాత తప్పే. నా పత్తి అతనే ఎత్తుతాడు." ఈసారి ఎవరూ చేతులు జోడించలేదు. నన్నే గ్రూపులోంచి తీసేశారు. ఆ రాత చూపించి ఫక్కీరప్ప బాషాను, ముఠాను పిలుచుకొచ్చాడు. అప్పటికే చినుకులు మొదలయ్యాయి. యశ్వంత్ కూడా ఒక బోరా అంచు పట్టాడు, తిట్టుకుంటూనే.

లెక్క చూస్తే, ఒక లారీ ఎమ్మిగనూరు చేరింది. ఇంకొకటి తడిసింది. గ్రూపు పోయింది, దాన్ని లాభంలోనే వేసుకున్నాను. ముఠా మిగిలింది. బాషా మాత్రం ఆ రోజు నా అంగట్లో టీ ముట్టలేదు.