సైలెన్సర్‌లో గుడ్డ

ఆయన స్నానానికి వెళ్ళగానే ఆమె వెనక గుమ్మంలోంచి పెరట్లోకి దిగింది. స్కూటరు మీద కప్పిన పట్టా అంచు ఎత్తి, సైలెన్సర్ గొట్టంలో ఒక తడి గుడ్డ కూరి, చీపురు కర్ర తిరగేసి లోపలికంటా దట్టించింది. పట్టా దించేసి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగని దానిలా వంటింట్లోకి వచ్చి పొయ్యి వెలిగించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు తెలియకుండా చేసిన పనులు లేకపోలేదు. ఆ మాటకొస్తే ఏ ఇల్లాలికి ఉండవు? కానీ ఆయన బండి జోలికి వెళ్ళడం మాత్రం ఇదే మొదలు.

ఆయన పొద్దున్నే టీ తాగుతూ చల్లగా ఆ మాట అన్నాడు. "ఇవాళ బండి తీస్తానే. వానలకి నాని నాని పడుంది పాపం. అలా వదిలేస్తే అది నన్ను తిట్టుకోదూ?"

ఆమె ముందు నవ్వింది, తర్వాత వద్దంది, ఆ తర్వాత ఎండగా ఉందంది, రేపు చూసుకోవచ్చంది. ఆయన వింటేగా! పనిబట్టలు ఎక్కడ పెట్టావని అడుగుతూ స్నానాల గదిలోకి వెళ్ళిపోయాడు.

పేటలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ బండ్ల డాక్టరే. సందు చివర రేకుల షెడ్డులో ఆయన బాగుచెయ్యని స్కూటరు లేదు. కంచం ముందు కూర్చుని, వీధిలో పోతున్న బండి చప్పుడు విని, "అదుగో, వాడి ప్లగ్గు పోతోంది. సాయంత్రానికల్లా తోసుకుంటూ వస్తాడు చూడు" అనేవాడు. ఆ బండి ఆయన మాట విన్నట్టు సాయంత్రానికల్లా వచ్చేది. ఆమె పెళ్ళైన కొత్తలో షెడ్డుకి క్యారేజీ పట్టుకెళ్ళేది. తర్వాత్తర్వాత క్యారేజీతో పాటు అక్కడే ఉండిపోవడం మొదలుపెట్టింది. ఆయన బండి కిందనుంచి చెయ్యి చాపితే, ఏ పానా కావాలో అడగకుండానే అందించేది. వచ్చినవాళ్ళు డాక్టరుగారికి మంచి నర్సు దొరికిందని ఎగతాళి చేసేవారు. ఆమెకు కోపం వచ్చేది కాదు సరికదా, లోలోపల మురిసిపోయేది.

అలాంటి మనిషికి మతిమరుపు పట్టుకుంది. మొదట్లో మనుషుల పేర్లు మరిచిపోతుంటే వయసు మీద పడిందని అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. తర్వాత ఒకరి బండి చక్రం ఇంకొకరి బండికి బిగించాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. వానలు మొదలవుతున్న రోజుల్లో ఒకనాడు, సబ్బు కొనుక్కొస్తానని స్కూటరేసుకుని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఊరికి ఆ చివరనుంచి ట్రాఫిక్ పోలీసు ఒకతను ఫోన్ చేశాడు. పెద్దాయన కూడలి మధ్యలో బండి మీద కూర్చున్నాడు. సిగ్నల్ ఎర్రగా మారింది, పచ్చగా మారింది, మళ్ళీ ఎర్రగా మారింది. పెట్రోలు అయిపోయి బండి ఆగేదాకా కదల్లేదు. ఎక్కడికి వెళ్ళాలి బాబాయ్ అంటే, "నేనూ అదే ఆలోచిస్తున్నా" అన్నాడట.

నరాల డాక్టరు చాలా పరీక్షలు చేశాడు. ఇది తగ్గే జబ్బు కాదు, మెల్లగా పెరిగే జబ్బన్నాడు. బండి మాత్రం ఎక్కనివ్వొద్దన్నాడు. మందుల షాపులో పనిచేసే కూతురు ఫోన్ చేసినప్పుడల్లా "ఆ బండి అమ్మేయమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అని ఒకటే పోరు. ఆమెకు మనసొప్పలేదు. షెడ్డు ఖాళీ చేసినప్పుడే ఆయన సగమైపోయాడు. ఇక బండి కూడా పోతే ఏం మిగులుతాడు? అలాగని తాళం దాచి లాభం లేదు. తాళం లేకుండా బండి స్టార్ట్ చెయ్యడం ఆయనకు ఆవులించినంత సులువు. అందుకే పెరట్లో గోడవారగా నిలబెట్టి, పట్టా కప్పి, వానకీ ఎండకీ వదిలేసింది. ఆయన కూడా మరిచిపోయినట్టే ఉన్నాడు, ఈ పొద్దుటి దాకా.

మరి బండి కదలకుండా చెయ్యాలంటే ఆమెకు సైలెన్సరే ఎందుకు తోచింది? ప్లగ్గు తీసేయొచ్చు, పెట్రోలు గొట్టం ఊడపీకొచ్చు, అన్నీ తెలిసిన మనిషే. ఇదైతే తేలికని ముందు తనకి తనే చెప్పుకుంది. ఆ మాట అబద్ధమని ఆమెకు తెలుసు. షెడ్డుకి ఏ బండి వచ్చినా ఆయన ముందు చేసే పని ఒకటే. ఒకరిని కిక్కు కొట్టమని, తను వెనక్కి వెళ్ళి సైలెన్సర్ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. "లోపలికి ఏం పోతోందో తర్వాత చూద్దాం. ముందు ఊపిరి బయటికొస్తోందా లేదా?" అనేవాడు. బయట పడి ఉన్న బండ్ల గొట్టాల్లో కందిరీగలు మట్టిగూళ్ళు కట్టేవి, ఎలుకలు చెత్త కూరేవి. మిగతా మెకానిక్కులు ఇంజను మొత్తం విప్పి తలలు పట్టుకుంటే, ఈయన ఒక ఇనప చువ్వతో పని కానిచ్చేసేవాడు. ఆ అలవాటు ఆయనకు ఊపిరి తీయడంతో సమానం.

అందుకే గుడ్డ అక్కడ పెట్టింది. ఆయన వెనక చెయ్యి పెట్టి అది కనిపెట్టాడా, ఆయన ఇంకా ఆయనే. డాక్టరు ఏమన్నా సరే, కూతురు ఎంత మొత్తుకున్నా సరే, తనూ వెనక సీటు మీద కూర్చుని, దారి చెబుతూ ఆయన్ని ఎక్కడికంటే అక్కడికి తిప్పుతుంది. కనిపెట్టలేదా... ఆ మాట దగ్గర ఆమె ఆలోచన ఆగిపోయింది. ఆ వైపు వెళ్ళడానికి ధైర్యం చాలలేదు.

ఆయన స్నానం కానిచ్చి పెరట్లోకి వచ్చి, పట్టా లాగి పక్కన పడేశాడు. సీటు చిరుగుల్లో పచ్చగా నాచు, టైర్లలో గాలి లేదు, కిక్కు రాడ్డు తుప్పుపట్టి ఎర్రగా ఉంది.

"ఏరా, అలిగావా?" అన్నాడు బండితో. ముందుకు వంగి పెట్రోలు ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. కూడలినుంచి ఇంటికి తేవడానికి ఆ రోజు పోయించిన పెట్రోలే అందులో ఉంది. "చచ్చిపోయిందే ఈ పెట్రోలు. చూడు, రంగు డబ్బా వాసన. పారబోయాలి."

ఎదురింటి దర్జీని కేకేసి సీసాతో కొత్త పెట్రోలు తెప్పించాడు. ట్యాంకు ఖాళీ చేసి కడిగి నింపాడు. తర్వాత నేల మీద చతికిలబడి, కళ్ళు ఇంజను మీదే ఉంచి, కుడిచెయ్యి వెనక్కి చాపాడు.

ఆ చెయ్యి చాపడం చూసేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ప్లగ్గు పానా అందించింది. ఆయన ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, గోటితో సందు చూసి, ఇంజను రేకుకి ఆనించి పట్టుకుని "కొట్టు" అన్నాడు. ఆమె రెండు చేతులతో కిక్కు రాడ్డు నొక్కింది. టిక్కుమని నిప్పురవ్వ మెరిసింది.

"నీలంగా ఉంది, చూశావా? దీనికేం ఢోకా లేదు" అన్నాడు.

కార్బురేటరు విప్పాడు. అందులో పెట్రోలు ఎండి జిగురుకట్టింది. పెట్రోలు పోయే సన్నని జెట్టు తీసి, నోటితో ఊది, ఆకాశానికేసి పెట్టి కన్నంలోంచి వెలుగు కనపడుతోందో లేదో చూశాడు. మనిషి మరిచిపోయినవన్నీ ఆ చేతులకు గుర్తున్నాయి. దేనికదే అన్నట్టు ఏ వేలి పని ఆ వేలు చేసుకుపోతోంది. ఆమెకు సంబరం పట్టలేదు. డాక్టరుకేం తెలుసు, ఆయన నా మొగుడి తల చూశాడు గానీ చేతులు చూడలేదనుకుంది. వెనక చెయ్యి పెట్టడమొక్కటే మిగిలింది. వరస కాస్త తప్పిందంతే, ఇప్పుడు పెడతాడు.

అన్నీ బిగించి ఆయన కిక్కు కొట్టాడు. బండి ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ కొట్టాడు.

"కిక్కు బరువుగా వస్తోందేంటే?" అన్నాడు.

గుడ్డ అడ్డం ఉంది కనకనే బరువుగా వస్తోంది. ఆ ముక్క ఎన్ని వందల సార్లు ఆయన నోట విందో లెక్కలేదు. చెప్పండి, ఎందుకు బరువుగా వస్తోందో చెప్పండి అని మనసులోనే బతిమాలుకుంది. ఆయన తల గోక్కున్నాడు. బండి చుట్టూ ఒకసారి చూశాడు. సైలెన్సర్‌ని కూడా చూశాడు. తర్వాత నేల మీద కూర్చుని చెయ్యి వెనక్కి చాపాడు.

"ముందు ప్లగ్గు చూద్దాం."

ఆమె పానా అందించింది. ఆయన ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, గోటితో సందు చూసి, ఇంజనుకు ఆనించాడు. ఆమె కిక్కు నొక్కింది.

"నీలంగా ఉంది, చూశావా? దీనికేం ఢోకా లేదు" అన్నాడు, అదే ముఖంతో, అదే గొంతుతో.

ఆమె కిక్కు రాడ్డు మీంచి చేతులు తీసేసింది.

ఇంకోసారి కూడా అంతే జరిగింది. ఈలోగా దర్జీ టీ పట్టుకుని వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మెడలో కొలత టేపు వేలాడుతోంది. డాక్టరుగారి షెడ్డులో కబుర్లాడుతూ ముసలివాడైపోయిన మనిషి, ఆయన పాఠాలన్నీ కంఠతా వచ్చు. కాసేపు చూసి ఉండబట్టలేక, "డాక్టరుగారూ, అసలు మీరే కదా ముందు..." అని మొదలుపెట్టాడు.

ఆమె ఆయన వెనకనుంచి చెయ్యి అడ్డంగా ఊపింది. దర్జీ నోరు మూసుకున్నాడు. ఆమె ముఖం చూసి ఏదో అర్థమైనట్టు కళ్ళు దించుకుని, "తర్వాత వస్తాను వదినా" అని ఖాళీ గ్లాసులతో వెళ్ళిపోయాడు.

దర్జీ నోరు ఆపగలిగింది గానీ, ఆమె తన నోరు ఎంతోసేపు ఆపుకోలేకపోయింది. ఆయన చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. వేళ్ళ కణుపుల దగ్గర తోలు లేచింది. ఆయన్ని ఓడించడానికా తను ఈ పని చేసింది? పరీక్ష పెట్టడానికి తనెవరు?

"ఏమండీ, ఓసారి వెనక చూడకూడదూ?" అంది.

ఆయన నడుము పట్టుకుని లేచి, వెనక్కి తిరిగి చూశాడు. "ఏముందే వెనక? గోడ. దాని మీద నీ చీర."

వేరే రోజైతే పొట్ట పట్టుకుని నవ్వేది. ఇప్పుడు దగ్గరికి వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని బండి వెనక్కి తీసుకొచ్చింది. ఆయన్ని కూర్చోబెట్టి, ఆ అరచేతిని తనే సైలెన్సర్ మూతికి ఆనించింది.

"ఇక్కడండీ" అంది. "ఇక్కడ పెట్టి చూడండి."

ఆయన బుద్ధిగా చెయ్యి అలాగే ఉంచాడు. ఆమె వైపు చూశాడు.

"పెట్టాను. ఇప్పుడేం చెయ్యాలి?"

ఆమె ఇక నిలబడలేకపోయింది. పక్కనే కూలబడి, కటింగ్ ప్లయరు గొట్టంలోకి దూర్చి గుడ్డ కొస పట్టి లాగింది. మసి నీళ్ళు కారుతూ మొత్తం బయటికి వచ్చింది. దాన్ని ఆయన ముందు పెట్టింది.

"నేనే పెట్టానండీ. మీరు స్నానానికి వెళ్ళినప్పుడు. మీ బండి పాడుచేసింది నేనే. మీ చేతుల్లో తప్పేం లేదు. అన్నీ సరిగ్గానే చేశారు, నేనే..."

చెప్పి తల దించుకుని కూర్చుంది. ఒసే, నీకు మతి పోయిందా అని ఒక్క కేక వేస్తే చాలు. వీధి మొత్తం వినేలా తిట్టినా సరే, చేతిలో పానా నేలకేసి కొట్టినా సరే. ఆ ఒక్క తిట్టు దాచుకుని మిగిలిన బతుకంతా బతికేస్తుంది. దేనికోసమూ ఆమె ఎప్పుడూ అంతగా ఎదురుచూడలేదు, కూతురు పుట్టినప్పుడు ఆ పిల్ల మొదటి ఏడుపు కోసం కూడా.

ఆయన గుడ్డ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చేతికంటిన మసి దానితోనే తుడుచుకున్నాడు. ఆమె కన్నీళ్ళు చూసి కాస్త ఇబ్బందిగా కదిలాడు.

"తెలియక పెట్టి ఉంటారు. పర్వాలేదు, ఏడవకండమ్మా" అన్నాడు.

ఆమె తలెత్తింది. ఈ మనిషి ఆమెను ఏమే అన్నాడు, ఒసే అన్నాడు, కోపమొస్తే ఇంకా చాలా అన్నాడు. మీరు అని, అమ్మా అని ఏనాడూ అనలేదు. పరాయి ఇంటి ఆడమనిషితో మాట్లాడేటప్పుడు ఆయన గొంతు ఎలా మెత్తబడేదో ఆమె షెడ్డులో ఎన్నోసార్లు విన్నది. ఇప్పుడు ఆ గొంతు ఆమె కోసం వచ్చింది. గుండె పగలడమంటే ఏమిటో ఆమెకు అక్కడ, ఆ పెట్రోలు తడి నేల మీద తెలిసింది.

"నాకు ఈ పని అంతగా తెలియదండీ" అంటున్నాడు ఆయన, రహస్యం చెబుతున్నట్టు. "ఊరికే విప్పి చూస్తున్నాను. సందు చివర రేకుల షెడ్డులో ఒకాయన ఉంటాడు. అందరూ డాక్టరంటారు. కాస్త ఆయన్ని పిలుచుకొస్తారా? చప్పుడు వింటే చాలు, రోగమేంటో చెప్పేస్తాడు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పిలిస్తే వస్తారంటారా?"

"ఎందుకు రాడు? మంచి మనిషి." ఆయన పానాలు ఒక్కొక్కటే ఏరి వరసగా పేరుస్తున్నాడు. ఆమె లేచి రెండడుగులు వేసేసరికి వెనకనుంచి పిలిచాడు. "అమ్మా! ఆయన భోజనానికి కూర్చుని ఉంటే మాత్రం లేపకండి. వాళ్ళావిడ ఊరుకోదు."

"అలాగేనండీ, లేపను" అంది ఆమె.

గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వీధిలోకి వచ్చింది. తన ఏడుపు ఆయనకు వినపడనంత దూరం వెళ్ళేదాకా గబగబా నడిచింది.