పాతర గాలి

చిన్న ఈరన్న అన్నను చంపింది శ్రీనివాసులురెడ్డి. ఈ మాట ఏ కాగితంలోనూ లేదు, ఊళ్లో ఎవరూ పైకి అనరు. అందుకే మొదటే చెప్పేస్తే మంచిది.

ముప్పై నాలుగేళ్ల కిందట, ఎండాకాలంలో, రెడ్డి ఇంటి జొన్నల పాతర తెరిచారు. గరుసు నేలలో రెండు నిలువుల లోతు గుంత తవ్వి, చుట్టూ చొప్ప పేర్చి, జొన్నలు పోసి, మూతి మీద బండ వేసి మన్ను కప్పేస్తే అది పాతర. మూడేళ్లయినా గింజ చెడదు. కానీ లోపల గాలి చచ్చిపోతుంది. బండ తీసీ తీయగానే దిగినవాడు మళ్లీ పైకి రాడు. అందుకని రెండు పగళ్లూ రెండు రాత్రులూ మూతి తెరిచిపెట్టి, వేపమండలు తాడుకు కట్టి లోపల ఆడించి, ఆఖరున దీపం దించి చూస్తారు. దీపం నిలిస్తేనే మనిషి దిగేది. ఈ కట్టుబాటు ఏ దొరా పెట్టింది కాదు, చచ్చిన కూలోళ్లు పెట్టింది.

ఆ రోజు లారీ వచ్చి నిలబడి ఉంది. “దీపాలూ వద్దు, దివిటీలూ వద్దు. దిగరా” అన్నాడు పాతికేళ్ల శ్రీనివాసులురెడ్డి. పెద్ద ఈరన్న నడుముకు తాడు కట్టుకుని దిగాడు. పైన తాడు పట్టుకున్నది ఐదో తరగతి చదివే తమ్ముడు. తాడు ఒకసారి గుంజింది. తర్వాత బరువెక్కింది. అంతే.

“తాగి దిగినాడు సార్” అని రెడ్డి పోలీసులకు చెప్పాడు. పెద్ద ఈరన్న సారా వాసన కూడా ఎరగడు. ఊరంతా అక్కడే నిలబడి ఆ మాట విన్నది. ఒక్క నోరు లేవలేదు. చిన్న ఈరన్న మళ్లీ బడికి పోలేదు.

అప్పటినుంచి ఎవరి పాతర తెరిచినా పని అతనిదే. బండ పక్కకు జరిపి, దీపం దించకముందు, వంగి చీకట్లోకి పిలుస్తాడు. “అన్నా, ఉండావా?” జవాబు రాదు. రాని జవాబును కాసేపు విని లేస్తాడు. మొదట్లో జనం నవ్వేవాళ్లు. పోనుపోను అతను పిలిచేదాకా ఎవరూ దీపం ముట్టించేవాళ్లు కాదు. లోపల నిజంగా ఎవరో ఉన్నట్టు, పిలవకుండా దిగితే కోప్పడతారన్నట్టు.

రెడ్లు పాతరలు వదిలేసి గోదాముల్లోకి పోయాక, ఊరి బయట దిబ్బ మీద పాత గుంతలు నోళ్లు తెరుచుకుని మిగిలాయి. కరోనా ఏడాది, గుంటూరు మిరపచేలకు సుగ్గికి, అంటే కోత కూలికి, వలస పోయిన అరవై కుటుంబాలు నెత్తిన మూటలతో నడిచి వచ్చాయి. ఊరి మొదట్లో రెడ్డి మనుషులు కంప అడ్డం వేసి “ఊళ్లోకి రావద్దు” అన్నారు. సొంత ఊరు. అరవై కుటుంబాలూ ఆ దిబ్బ మీదే పడ్డాయి. ఈరన్న కూడా అందులో ఒకడు. మూడో రోజుకు పిల్లలు ఏడవడం మానేశారు. ఏడ్చే ఓపిక లేక.

అప్పుడు గిడ్డమ్మవ్వ కట్టె పొడుచుకుంటూ వచ్చింది. దిబ్బ మీద ఇంకా గింజలున్న పాతర ఆమెది ఒక్కటే.

“తెరువు ఈరా.”

“అవ్వా, నీకు రెండేండ్ల తిండి గదా అది.”

“నేను రెండేండ్లు బతుకుతానని నీకెవురు జెప్పిరి? తెరువు.”

నలభై రోజులు ఆ జొన్నలే తిన్నారు. ముక్కిన వాసన సంకటి. ఆ వాసన తగిలితే ఇప్పటికీ ఆ అరవై ఇళ్లవాళ్ల కళ్లు చెమరుస్తాయి.

తర్వాత కూలీ సంఘం మూడు గుంతలు బాగుచేసింది. సంఘమంటే పెద్ద ఆఫీసేమీ కాదు. నాట్లకూ కలుపులకూ ముఠా కట్టే హంపమ్మ, డిగ్రీ మధ్యలో ఆపేసి మేస్త్రీ పని చేసే మాలపేట లేవి, వాళ్ల వెనక నలభై యాభై మంది. పంట వచ్చినప్పుడు ప్రతి ఇల్లూ పాతరలో పోస్తుంది. పొయ్యి వెలగనప్పుడు తీసుకుంటుంది. యాడో యుద్ధమని యూరియా దొరకని ఏడాది, యూరియా అడగని కొర్రలూ జొన్నలూ వేసి గట్టెక్కారు. ఈ ఏడు వాన మొహం చాటేసింది. వచ్చే పంటదాకా అరవై ఇళ్లకు ఉన్నది ఆ మూడు పాతరలే. విత్తనం కూడా అందులోనే.

అట్లాంటప్పుడు దిబ్బ మొదట్లో బోర్డు లేచింది. ‘ప్రపంచ విపత్తులను తట్టుకునే ఆదర్శ గ్రామం’. పరదేశపు బ్యాంకు డబ్బుతో దిబ్బ మీద గోదాము కడతారట. కాంట్రాక్టరు శ్రీనివాసులురెడ్డి.

గ్రామసభకు కర్నూలు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. తెర మీద బొమ్మలు వేశాడు. వరదలు, యుద్ధాలు, మాస్కులు కట్టుకున్న జనం.

“రేపు ప్రపంచంలో ఏ సంక్షోభం వచ్చినా మీరు తట్టుకోవాలి. ఆ శక్తి మీలో పెంచడమే ఈ పథకం ఉద్దేశం.”

“సంక్షోబమంటే ఏంది నాయనా?” అంది గిడ్డమ్మవ్వ.

“అంటే... కరువు. తిండి లేకపోవడం.”

“ఓ, అదా. అది మాకు సుట్టమే లే. పిలవకున్నా వస్తాంటాది.”

జనం గొల్లున నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. లేవి నవ్వలేదు.

“సార్, గోదాము తాళం ఎవురి దగ్గర ఉంటాది?”

“కమిటీ దగ్గర.”

“కమిటీకి పెద్ద ఎవురు?”

ఆఫీసరు కాగితం తిప్పాడు. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న శ్రీనివాసులురెడ్డి వెనక్కి తిరక్కుండానే అన్నాడు. “నేనే లేరా. ఏం, నీకు గావల్లా?”

“మాకు తాళమే వద్దు రెడ్డీ. పాతరకు తాళం లేదు.”

“గురువారం లోపల మీ గుంతలు ఖాళీ చేసుకోండి. శుక్రవారం కాంక్రీటు పోస్తాం. దిబ్బ గవర్నమెంటుది, మీ తాతలది కాదు.”

ఆ రోజు మంగళవారం.

సాయంత్రం పేటలో గొడవ. అయ్యన్న అనే ముసలి కాపరి లొంగిపోదామన్నాడు. “పైన రేకులుంటాయి, కింద సిమెంటు ఉంటాది. పోసుకుందాం. వాళ్లతో మనకేల?”

“పోసినాక తీయనిస్తాడా?” అంది హంపమ్మ. “కరోనాలో కంప ఏసింది ఎవురు మామా? నువ్వు మరిసిపోతివేమో, నా బిడ్డ మరిసిపోలే.”

“అయితే రేపే తెరిసి ఇండ్లకు మోసుకుందాం” అన్నాడు అయ్యన్న.

“యాడ పెట్టుకుంటావు? పెంకుటింట్లో పెడితే నెలకే పురుగు పడతాది.”

అందరూ ఈరన్న వైపు చూశారు.  అతనికి పెద్ద మాటలు రావు. తాడు బరువు ఎప్పుడు ఎంత ఉండాలో మాత్రం తెలుసు.

“మూడు పాతరలు గాలి పొయ్యేకే రెండు దినాలు పడతాది. గురువారానికి కాదు. తొందరపెడితే మనిషి పోతాడు. నేను తెరవను. ఎవురినీ దిగనీను.”

“అయితే ఏం జేద్దాం?”

“బండల మీద కూసుందాం” అన్నాడు లేవి.

కూర్చున్నారు. బుధవారం ఇరవై మంది, గురువారం అరవై ఇళ్లు. ఆడవాళ్లు అక్కడే పొయ్యి పెట్టారు. పేట మొత్తం మళ్లీ ఆ దిబ్బ మీదికి చేరేసరికి కొందరికి కరోనా నాటి రాత్రులు గుర్తొచ్చాయి. ఈరన్న నడి బండ మీద పడుకున్నాడు. బండకు చెవి ఆనించి పడుకున్నాడని హంపమ్మ చూసింది, ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున జేసీబీ, లారీ, రెండు పోలీసు జీపులు వచ్చాయి. లారీలో పదిమంది ఒడిశా కూలీలు. రెడ్డి ఉపాయం తెలివైనదే. గింజలు పారేయడట. “సురక్షితంగా” లారీకెత్తి తన మిల్లులో పెడతాడట. తర్వాత ఎవరివి వాళ్లకు ఇస్తాడట.

పోలీసులు చివరి బండ మీదివాళ్లను ఈడ్చేశారు. కూలీలు గడ్డపారలతో బండ పక్కకు తోశారు. ముక్కిన వాసన గుప్పున లేచింది. లాఠీల అవతల ఈరన్న దాన్ని పసిగట్టాడు. ఒక కూలీ, ముప్పై ఏళ్లుంటాయేమో, నడుముకు తాడు కట్టుకుంటున్నాడు.

“దీపం!” అని అరిచాడు ఈరన్న. “దీపం దించండిరా!”

ఎవరికీ పట్టలేదు. ఆ కూలీ పాతర అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేశాడు. ఈరన్న ఒక కానిస్టేబుల్ చంక కింద నుంచి దూరి, పడి, లేచి, పరుగెత్తి ఆ తాడు రెండు చేతులా పట్టుకున్నాడు.

“మత్ ఉతర్ భాయ్! హవా ఖరాబ్! మర్ జాయేగా!” దిగొద్దు, గాలి చెడ్డది, చచ్చిపోతావని. బొంబాయిలో సిమెంటు మోసిన రోజుల్లో నేర్చుకున్న హిందీ అది.

కూలీ ఆగాడు.

“ఏయ్, వదలరా తాడు!” అన్నాడు ఎస్సై.

“ఒక్క దీపం దించు సారూ. నిలిస్తే నేనే దిగుతా. లేదంటే ఈ మనిషి అమ్మకు నువ్వే ఫోన్ జేసి చెప్పు.”

ఎస్సై ఆ కూలీ మొహం చూశాడు. హంపమ్మ పొయ్యి దగ్గర నుంచి లాంతరు తెచ్చింది. ఈరన్న మోకాళ్ల మీద వంగాడు. “అన్నా, ఉండావా?” అన్నాడు. దిబ్బ మీద ఎవరూ కదల్లేదు, పోలీసులు కూడా. తాడు జార్చాడు. లాంతరు ఒక మనిషి లోతు దిగింది. మంట పొట్టిదైంది, నీలంగా మారింది. ఎవరో కింద నుంచి ఉఫ్‌మని ఊదినట్టు ఆరిపోయింది.

ఒడిశా కూలీ కాళ్లు పైకి లాక్కున్నాడు. తాడు విప్పి నేల మీద పడేశాడు. పోయి ఆడవాళ్ల పక్కన కూలబడ్డాడు. మిగతా తొమ్మిదిమందీ గడ్డపారలు వదిలేసి అతని వెనకే పోయి కూర్చున్నారు. గిడ్డమ్మవ్వ ఏ భాషా లేకుండా చెంబుతో నీళ్లిచ్చింది.

శ్రీనివాసులురెడ్డి మొహం ఎర్రబడింది. ఈరన్న వైపు వేలు చూపించాడు.

“వీని మాట ఇంటారేంది సార్? తాగినాడు వీడు!”

అనేశాక ఆ మాట అతని చెవికే తగిలినట్టుంది, ఆగిపోయాడు. దిబ్బ మీద ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముప్పై నాలుగేళ్ల కిందట రెడ్డి పాతర దగ్గర నిలబడ్డవాళ్లు ఇంకా పదిమందైనా మిగిలున్నారు. లొంగిపోదామన్న అయ్యన్నే ముందు లేచాడు.

“రెడ్డీ, ఆ మాట ఒకతూరి నోరు మూసుకొని ఇంటిమి. పెద్ద ఈరన్న తాగలే. నువ్వే దింపితివి. నేను సూసినా.”

“నేనూ సూసినా” అంది గిడ్డమ్మవ్వ.

“మేమూ సూసినాం!” అప్పటికి పుట్టనివాళ్లు కూడా అరిచారు. అరవై ఇళ్లూ ఒక్కసారే మూడు పాతరల చుట్టూ మూగాయి. జేసీబీ డ్రైవరు తాళం తీసి జేబులో వేసుకుని దిగిపోయాడు. ఎస్సైకి ఎవరినో ఒకరిని తీసుకుపోవాలి. ఈరన్నను జీపెక్కించాడు. జీపు వెనక జనం రోడ్డుదాకా నడిచారు. ఈరన్న వెనక్కి తిరిగి ఒకే మాట అన్నాడు. “దీపం నిలిసేదాంక ఎవురూ దిగొద్దు!”

నాలుగు రోజులు టేషన్లో ఉంచారు. కొట్టారో లేదో అతను చెప్పలేదు, ఎడమ కాలు మాత్రం నేల మీద సరిగ్గా ఆనడం లేదు. లేవి జామీను ఇప్పించి బండి మీద ఎక్కించుకొచ్చాడు. ఇంటి తలుపుకు కాగితం అంటించి ఉంది.

“ఏం రాసినారు?”

“గవర్నమెంటు ఇచ్చిన నీ చేని డీ పట్టా రద్దు జేసినారు. ప్రభుత్వ పనికి అడ్డు పడినావని.”

ఈరన్న తలుపు తీయలేదు. కుంటుతూ చేను వైపు నడిచాడు. దూరం నుంచే జనం కనిపించారు. గడ్డపారల చప్పుడు. దిబ్బ మీది గింజలన్నీ బస్తాల్లో గట్టు వెంట పేర్చి ఉన్నాయి. రెండు రోజులు గాలి పోనిచ్చి, దీపం నిలిచాకే దిగారట. ఒడిశావాళ్లు నలుగురు ఉండిపోయి తోడారట. ఒక్కరికీ ఏమీ కాలేదు. గింజ బయటికి వచ్చాక దిబ్బ మీద మాత్రం రెడ్డి కాంక్రీటు పోయించాడు.

అతని చేను నడుమ రెండు కొత్త గుంతలు ఛాతీ లోతుకు వచ్చాయి. హంపమ్మ ఒకదాంట్లోంచి తల ఎత్తింది.

“అడగకుండా తవ్వినామప్పా. ఊరికంతటికీ నీ చేన్లోనే గరుసు గట్టిగుండాది.”

“నాది కాదు హంపమ్మా. పొద్దున్నుంచి గవర్నమెంటుది.”

“తెలుసు. లేవి పొద్దున్నే సదివినాడు. తెలిసే తవ్వుతాండాం.”

చేను స్వాధీనం చేసుకోవడానికి వచ్చిన వీఆర్వో టేపు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. దిగడానికి ధైర్యం చాలడం లేదు. “తవ్వడం ఆపండి. కొలతలు వేయాలి” అన్నాడు మెల్లగా. ఒక్క గడ్డపారా ఆగలేదు.

“కొలిచేదేంది సారూ, నేను జెప్తా రాసుకో” అన్నాడు ఈరన్న. హంపమ్మ చేతిలోంచి పార అందుకుని గుంతలోకి దిగాడు. “మా నాయన ఇరవై ఏండ్లు ఆఫీసు సుట్టూ తిరిగి తెచ్చుకున్నది. సర్వే నెంబరు రెండు వందల పదిహేడు బై రెండు. ఎకరా ముప్పై ఎనిమిది సెంట్లు.”