చెరిపేసే గొంతు

"కుక్కర్ బంద్ చెయ్ వర్షితా, రికార్డింగ్‌ల విజిల్ పడ్తది!"

ముందు గదిలోంచి మొగుడు వినయ్ కేక. వర్షిత స్టవ్ ఆపేసింది. ఇంకో పది నిమిషాలకు "అన్నమింక కాలేదా?" అని అత్త విజయమ్మ తననే అడుగుతుంది. కొడుకును మాత్రం ఒక్క మాట అనదు. వినయ్ బ్యాండ్ అమెరికా నల్లవాళ్ల బ్లూస్‌ను రొమేనియా పల్లెపాటలతో, జిప్సీల పాటలతో కలిపి వాయిస్తుంది. సిద్దిపేటలో ఇట్లాంటిది ఇంకొకటి లేదని అతనికి మహా గర్వం. ఆ పాటల్లో కొన్నిటికి తాళముండదు. ఎక్కడ సాగాలో, ఎక్కడ ఆగాలో గొంతుకే తెలియాలి. బ్యాండ్‌లోని నలుగురు మగాళ్లూ నెల రోజులు తంటాలు పడ్డారు. బట్టలు ఆరేస్తూ విన్న వర్షితకు నాలుగు రోజుల్లో పట్టుబడింది. అప్పట్నుంచి ప్రతి పాటా ముందు ఆమె పాడి రికార్డు చేస్తుంది. గిటారు ఆమె గొంతు వెంట నడుస్తుంది. తర్వాత ఆ గొంతును చెరిపేసి వాయిద్యాలే ఉంచుతారు. ఇప్పటికి పదకొండు పాటలు. వాళ్లకు పెట్టే చాయ్‌లు వేరే.

పోయిన వారం మిక్సింగ్ చేసే శ్రీకాంత్ చెరపడం మరిచిపోయాడు. పాట అట్లాగే నెట్‌లోకి ఎక్కింది. వేలమంది విన్నారు. పాడిందెవరని ఒకటే ప్రశ్న. 'మా బ్యాండ్ చేసిన ప్రయోగం' అని వినయ్ జవాబు రాశాడు. ప్రయోగమట! తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి ప్రయోగమట! వర్షితకు ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడింకో ఏర్పాటు. రికార్డింగ్ ఆపి వినయ్ వంటింట్లోకి వచ్చాడు.

"ఆదివారం ప్రోగ్రాంకు అందరు గా గొంతే అడుగుతున్రు. హైదరాబాద్ నుంచి ఒక పిల్ల వస్తది, స్టేజి మీద పెదవులు ఆడిస్తది. నువ్వు ఇంట్ల పాడి పంపు, సాలు."

"నేనే స్టేజెక్కితే ఏమైతది?"

"నీకెందుకు గా తిప్పలు? ఇంటికాడ అమ్మకు ఎవరు చేస్తరు?"

"ఇంటి కోడలు మైకు పట్టుకుంటే జనం ఏమంటరు?" విజయమ్మ అందుకుంది.

వీళ్లకు ఆమె చాయ్ కావాలి, చెవి కావాలి, గొంతు కావాలి. మనిషి మాత్రం వద్దు. ఇన్నాళ్లూ సరే సరే అన్న తన మీద కూడా ఆమెకు కోపం వచ్చింది.

వినయ్ ముందు గదికి వెళ్లిపోయాక ఫోన్ తీసి ఆ పాట కింద ఇట్లా రాసింది: 'పాడింది నేను, వర్షితను. పదకొండు పాటలూ నేనే పాడాను. ఆదివారం నేను స్టేజి మీద లేకపోతే, మీరు వినేది దొంగసొమ్ము.'

కాసేపటికే ముందు గదిలో గిటారు ఆగిపోయింది.

"వర్షితా! ఏం రాసినవే గక్కడ?"

"నా పేరు."