మొదటి భాగంలో పగలని కప్పులు

మా తమ్ముడు హీరో. ఆ సంగతి వాడే అందరికీ చెప్పుకుంటాడు కాబట్టి నాకు శ్రమ లేదు. వాడి సినిమాలకు ఎడిటింగ్ నాది. అంటే వాడు తన్నిన తన్నుల్లో తగిలినట్టున్నవి ఉంచి, గాలిలో కలిసినవి తీసేసే పని.

అవన్నీ ఒకే కథకి భాగాలు. మొదటి సినిమా జనం ఎగబడి చూశారు. రెండోది ఏదో చూశామంటే చూశామనిపించారు. మూడోది ఎడిటింగ్ గదిలో చూస్తూ నేనే కునికిపాట్లు పడ్డాను. వంతెన కూలుతుంది, హెలికాప్టర్లు గుద్దుకుంటాయి, మావాడు మాత్రం క్రాపు చెదరకుండా నడిచొస్తాడు.

"ఆఖరి ఫైటు మళ్లీ తియ్యండి. అదీ తేలిపోతే నాలుగో భాగానికి హీరోని మార్చేస్తా," అని నిర్మాత మొహం మీదే చెప్పేశాడు. తమ్ముడు ఆ రోజంతా తను హీరోనని ఒక్కరికీ చెప్పుకోలేదు. వీడు కాసేపు ఆ గొప్పలు ఆపితే ఎంత హాయిగా ఉంటుందో అని ఎన్నోసార్లు అనుకున్నదాన్నే, నిజంగా ఆపేసరికి నేనే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను.

రోగం ఎక్కడుందో నాకు తెలుసు. మొదటి సినిమాకి సెట్టు వేసే స్తోమత లేక, అమ్మ పిన్నివాళ్లింటికి వెళ్లిన రోజు చూసి మా వంటింట్లోనే ఫైటు లాగించేశాం. అక్కడ అల్మారా నిండా అమ్మ పింగాణీ సామాను. దాని మీద ఈగ వాలినా ఆవిడ ఊరుకోదు. తమ్ముడు ఒక చేత్తో విలన్‌ని కొడుతూ, రెండో చేత్తో దొర్లే కప్పుల్ని పట్టుకున్నాడు. ఆ విలన్‌ని అందరం గుండు అంటాం, మూడు భాగాల్లోనూ వాడే. గుండు టీ కూజా ఎత్తగానే మావాడి కళ్లలో ప్రాణభయం! ఎంత గొప్ప నటనో అని జనం ఈలలు వేశారు, పాపం. అమ్మ మాత్రం సినిమా చూసొచ్చి కప్పులు లెక్కపెట్టుకుంది.

ఆ తర్వాతి భాగాల్లో పగిలినవన్నీ నిర్మాతవి. ఇక వాడికి భయం ఎక్కణ్నుంచి వస్తుంది?

"అమ్మా, నీ పింగాణీ ఒక్కరోజు ఇస్తావా? సినిమాలో వెనకాల అందంగా ఉంటుంది," అన్నాను.

"నీ మొహం చూసి పంపిస్తాననుకున్నావా? నేనూ వస్తా."

నాకు కావలసిందీ అదే.

ఈసారి ఫైటుకి వంటింటి సెట్టు వేయించి, అందులో డమ్మీ కప్పులు తీయించి అమ్మవి సర్దించాను. తమ్ముడికి చెప్పొద్దని గుండుకి ఒట్టు పెట్టాను. అమ్మ కెమెరా పక్కన కుర్చీ వేయించుకుని, కూజాని మాత్రం ఎవరినీ నమ్మక ఒళ్లో పెట్టుకుంది.

యాక్షన్ అన్నారు. తమ్ముడు దర్జాగా గుండుని తన్నాడు. గుండు బల్ల మీద పడ్డాడు. నీలిపూల కప్పు ఒకటి దొర్లింది. తమ్ముడు దాన్ని గుర్తుపట్టాడు. తలతిప్పి అమ్మని చూశాడు. అంతే, ఎగిరి కప్పు పట్టుకున్నాడు.

"ఒరేయ్, అంచు! అంచు చూసుకో!" అని అమ్మ అరుస్తూనే ఉంది. వాడు మోకాళ్ల మీద పాకాడు, సాసర్లు చంకలో ఇరికించుకున్నాడు, పళ్ల మధ్య చెంచా కరుచుకుని మరీ గుండుని గుద్దాడు. ఆఖరి సాసరు కోసం బోర్లా పడి చెయ్యి చాపేసరికి గుండు ఎత్తిన కుర్చీ వాడి వీపు మీద దిగింది. అది విరగడానికే చేసిన కుర్చీ. ఆ సంగతి అమ్మకి తెలీదు.

"అయ్యో నాన్నా!" అంటూ లేచింది. ఒళ్లో కూజా కిందపడి భళ్లున పగిలింది.

తమ్ముడు పడ్డచోటినుంచే సాసరు పట్టుకున్న చెయ్యి పైకెత్తాడు.

"సాసరు బాగానే ఉందమ్మా."

అమ్మ కూజా ముక్కల్ని దాటుకుంటూ వచ్చి వాడి వీపు తడిమింది. "సాసరు సంగతి ఎవడడిగాడురా? దెబ్బ తగిలిందా?"

నిర్మాత కళ్లు తుడుచుకుని, నాలుగోది కూడా వీడితోనే అన్నాడు. తమ్ముడు ఎగిరి గంతేస్తాడనుకున్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్లాడు.

"కొంప మునిగిందే అక్కా," అన్నాడు గుసగుసగా. "అమ్మంటే భయం పోయింది. ఇప్పుడు నాలుగోదాంట్లో ఏం చేస్తాం?"